పెద్ద టెక్ కంపెనీ బలాబలాలను తూచడం ఎలా: యాపిల్ లెక్కలతో ఒక అభ్యాసం

ఒక పెద్ద టెక్నాలజీ కంపెనీ బలాలేమిటి, బలహీనతలేమిటి అని అడిగితే మనలో చాలామంది చేసే పని ఒకటే. కాగితం మీద నాలుగు గడులు గీసి, మొదటి గడిలో 'బ్రాండ్', 'నాణ్యత', 'నమ్మకమైన వినియోగదారులు' అని, రెండో గడిలో 'అధిక ధర', 'తీవ్రమైన పోటీ' అని రాసి, మిగిలిన రెండింటినీ అవకాశాలతోనూ ముప్పులతోనూ నింపేస్తాం. నేను తొలిసారి ఇలాంటి పట్టిక తయారుచేసి ఒక పెద్దాయనకు చూపించినప్పుడు, ఆయన పైనున్న కంపెనీ పేరును వేలితో మూసి, "ఇది ఏ కంపెనీదో ఇప్పుడు చెప్పగలవా?" అని అడిగారు. చెప్పలేకపోయాను. పేరు మార్చితే ఆ పట్టిక వాచీల కంపెనీకైనా సరిపోతుంది, కార్ల కంపెనీకైనా సరిపోతుంది.

అప్పటినుంచి బలాన్ని ఒక గడిలో, బలహీనతను మరో గడిలో రాయడం మానేశాను. రెండింటినీ ఒకే వాక్యంలో రాస్తాను. కంపెనీకి డబ్బు ఎక్కడ మిగులుతోంది, ఎందువల్ల మిగులుతోంది, ఏది ఉన్నంతవరకు మిగులుతుంది అనే మూడు సంగతులూ ఆ వాక్యంలో ఉండాలి. బలహీనత ఆ 'ఉన్నంతవరకు' అనే మాట వెనకాలే దాక్కుని ఉంటుంది. ఈ పద్ధతిని ఇక్కడ యాపిల్ మీద ప్రయోగించి చూపిస్తాను. ఆ కంపెనీ లెక్కలు అందరికీ అందుబాటులో ఉన్నాయి, అమ్మే వస్తువులు వేళ్ల మీద లెక్కపెట్టగలిగినన్నే, పైగా దాని గురించి ప్రతివారికీ ముందే ఒక అభిప్రాయం ఉంటుంది. ఆ అభిప్రాయాన్ని కాసేపు పక్కన పెట్టడమే ఈ అభ్యాసంలో అన్నిటికన్నా కష్టమైన భాగం. వేరే సంవత్సరం చెప్పనిచోట అంకెలన్నీ 2024 ఆర్థిక సంవత్సరానివి. ఒక బిలియన్ అంటే వంద కోట్లు కాబట్టి మొత్తాలన్నీ కోట్ల డాలర్లలోనే ఇస్తున్నాను.

ముందు ఏ కాగితం తెరవాలి

వార్తలతో మొదలుపెట్టకండి. అమెరికా స్టాక్ మార్కెట్లో నమోదైన ప్రతి స్వదేశీ కంపెనీ ఏటా 10-కె అనే నివేదికను అక్కడి సెక్యూరిటీస్ అండ్ ఎక్స్ఛేంజ్ కమిషన్‌కు సమర్పించాలి. కమిషన్ నడిపే ఎడ్గర్ అనే వెబ్‌సైటులో దాన్ని ఎవరైనా ఉచితంగా చదువుకోవచ్చు. వంద పేజీలకు పైబడినా మనకు ముందుగా కావలసినవి నాలుగే: ఏ రకం వస్తువు ఎంత అమ్ముడైంది, ఏ ప్రాంతంలో ఎంత అమ్ముడైంది, స్థూల లాభం ఎంత, కంపెనీ తనకు తానుగా ఒప్పుకున్న ముప్పులేవి.

చదివే ముందు ఆ సంవత్సరం ఎప్పుడు మొదలై ఎప్పుడు ముగిసిందో చూసుకోవాలి. యాపిల్ ఆర్థిక సంవత్సరం సెప్టెంబరు చివరి శనివారంతో ముగుస్తుంది. 2024 సంవత్సరం సెప్టెంబరు 28న ముగిసింది. అంతకుముందు సంవత్సరంలో 52 వారాలకు బదులు 53 వారాలున్నాయి. అమ్మకాలు 38,329 కోట్ల డాలర్ల నుంచి 39,104 కోట్లకు, అంటే రెండు శాతమే పెరిగాయని తేల్చేసేముందు, పాత సంవత్సరానికి ఒక వారం అదనంగా ఉందన్న సంగతి గుర్తుండాలి. చిన్న విషయమే, కానీ రెండు శాతం పెరుగుదలను గురించి మాట్లాడేటప్పుడు ఒక వారం చిన్నదేమీ కాదు.

ముప్పుల విభాగాన్ని న్యాయవాదులు రాస్తారు గనుక అందులో ఆకాశం కింద ఉన్న ప్రతి ప్రమాదమూ ఉంటుంది. దాన్ని ఒక్క ఏడాదిది చదివితే నిద్ర వస్తుంది. వరుసగా రెండేళ్ల నివేదికలను పక్కపక్కన పెట్టుకుని, కొత్తగా చేరిన వాక్యమేది, 'జరగవచ్చు' అన్నచోట 'జరిగింది' అని మారిన వాక్యమేది అని వెతకండి. మీరు ఆ విభాగంలో గుర్తుపెట్టవలసింది ఆ తేడాలనే.

నివేదికలో లేనిదాన్ని కూడా రాసుకోవాలి. యాపిల్ ఒకప్పుడు ప్రతి మూడు నెలలకూ ఎన్ని ఐఫోన్లు అమ్మిందో చెప్పేది. ఇకమీదట ఆ అంకె చెప్పబోమని 2018 నవంబరులో ప్రకటించింది. రెండు నెలలు గడిచాక, 2019 జనవరి 2న, కంపెనీ అధిపతి టిమ్ కుక్ మదుపరులకు లేఖ రాస్తూ, ఆ త్రైమాసికానికి 8,900 నుంచి 9,300 కోట్ల డాలర్లు వస్తాయని ముందు వేసిన అంచనాను 8,400 కోట్లకు తగ్గించారు. చైనాలో మందగించిన అమ్మకాలను ముఖ్య కారణంగా చూపారు. మర్నాడు షేరు ధర దాదాపు పది శాతం పడిపోయింది. ఈ రెంటికీ ముడిపెట్టి ఎవరి ఉద్దేశాలనూ శంకించనక్కర్లేదు. ఒక కంపెనీ ఏళ్ల తరబడి చెబుతూ వచ్చిన అంకెను చెప్పడం మానేస్తే, మీ తర్వాతి ప్రశ్న అక్కడే మొదలు కావాలని మాత్రం నేను గట్టిగా అంటాను.

అమ్మకం ఒకచోట, మిగులు ఇంకోచోట

ఈ భాగాన్ని తొందరపడకుండా, పెన్నూ కాగితమూ పట్టుకుని చేయాలి. మొత్తం అమ్మకాలు 39,104 కోట్ల డాలర్లలో ఐఫోన్ వాటా 20,118 కోట్లు, అంటే 51 శాతం. సేవల వాటా 9,617 కోట్లు, అంటే పావు వంతుకు ఒక పిసరు తక్కువ. మ్యాక్, ఐప్యాడ్, వాచీలు, ఇయర్‌ఫోన్లు అన్నీ కలిపి మిగతా పావు వంతు. ఇక్కడితో ఆగిపోతే 'ఐఫోన్ మీద అతిగా ఆధారపడింది' అనే పాత వాక్యమే రాస్తాం. అందులో తప్పు లేదు, అయితే అది సగం మాటే.

ఇప్పుడు స్థూల లాభం శాతాలు చూడండి. స్థూల లాభమంటే అమ్మిన ధరలోంచి ఆ వస్తువును తయారుచేసి అందించడానికి నేరుగా అయిన ఖర్చు తీసేయగా మిగిలినది. వస్తువుల మీద అది 37.2 శాతం, సేవల మీద 73.9 శాతం. వస్తువుల అమ్మకాలు 29,487 కోట్లు కాబట్టి వాటి స్థూల లాభం 10,963 కోట్లు. సేవల స్థూల లాభం 7,105 కోట్లు. రెండూ కలిపితే 18,068 కోట్లు. అందులో సేవల భాగం 39 శాతం. అమ్మకాల్లో నాలుగో వంతు కూడా లేని విభాగం స్థూల లాభంలో ఐదింట రెండు వంతులు మోస్తోందన్న మాట. ఈ ఒక్క లెక్క చేసినవారికి కంపెనీ రూపమే మారిపోయి కనిపిస్తుంది.

అయితే 'సేవలు' అనేది సంచీ పేరు మాత్రమే, అందులో ఏమున్నాయో విప్పి చూడాలి. యాప్ స్టోర్‌లో జరిగే కొనుగోళ్ల మీద కమిషన్, ఐక్లౌడ్ నిల్వ, సంగీతం, టీవీ, వస్తువుల మరమ్మతు హామీ, ప్రకటనలు, చెల్లింపుల రుసుములు అన్నీ అందులోనే ఉంటాయి. యాపిల్ సొంత బ్రౌజరు సఫారీలో తన సెర్చ్‌ను ముందుగా అమర్చి ఉంచినందుకు గూగుల్ చెల్లించే సొమ్ము కూడా అక్కడికే చేరుతుంది. ఆ సొమ్ము ఎంతో కంపెనీ నివేదికలో విడిగా కనబడదు. అమెరికా ప్రభుత్వం గూగుల్ మీద వేసిన గుత్తాధిపత్య కేసులో బయటపడిన పత్రాల వల్ల, 2022లో అది సుమారు 2,000 కోట్ల డాలర్లని లోకానికి తెలిసింది. ఆ ఆర్థిక సంవత్సరంలో యాపిల్ మొత్తం సేవల ఆదాయం 7,813 కోట్లు. కేలండరు సంవత్సరానికీ ఆర్థిక సంవత్సరానికీ ఉన్న తేడాను పక్కన పెడితే, సేవల ఆదాయంలో దాదాపు నాలుగో వంతు ఒకే ఒక్క ఖాతాదారు నుంచి, అదీ ఫోన్ల రంగంలో తన ప్రధాన ప్రత్యర్థి నుంచి వచ్చింది. దానికోసం యాపిల్ కర్మాగారం నడపనక్కర్లేదు, సరుకు కొననక్కర్లేదు. కాబట్టి అందులో చాలా భాగం లాభంగానే మిగులుతుందని ఊహించడం అతిశయోక్తి కాదు.

ఇప్పుడు మన వాక్యం రాద్దాం. 'కోట్లాదిమంది చేతుల్లో ఉన్న ఫోన్లలో ముందుగా కనిపించే స్థానాన్ని అమ్ముకోవడం వల్ల యాపిల్‌కు పెద్దగా ఖర్చు లేని ఆదాయం వస్తోంది; అలా అమ్ముకోవడానికి న్యాయస్థానాలు అనుమతించినంతవరకు, వెతకడమంటే జనం బ్రౌజరునే తెరుస్తున్నంతవరకు అది వస్తుంది.' ఇందులో బలమెంతో, బలహీనతెంతో విడదీసి చూపించమంటే నేను చూపించలేను. 'సేవల విభాగం: బలం' అని రాసుకున్నవారికి మాత్రం కోర్టు వార్త వచ్చిన రోజున దాన్ని ఏ గడిలో రాయాలో తోచదు.

యాప్ స్టోర్ కమిషన్‌కూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. సాధారణ కమిషన్ 30 శాతం. ఏడాదికి పది లక్షల డాలర్ల లోపు సంపాదించే డెవలపర్లకు, అంటే యాప్‌లు తయారుచేసేవారికి, 2021 నుంచి 15 శాతం. వీడియో గేములు తయారుచేసే ఎపిక్ గేమ్స్ ఈ యాప్ స్టోర్ నిబంధనల మీద 2020 ఆగస్టులో వేసిన దావాలో చాలా అంశాలు యాపిల్‌కు అనుకూలంగానే తేలాయి. కానీ యాప్ బయట చెల్లించే దారిని వినియోగదారులకు చూపించకుండా డెవలపర్లను అడ్డుకోకూడదన్న 2021 నాటి ఆదేశాన్ని యాపిల్ ధిక్కరించిందని 2025 ఏప్రిల్‌లో న్యాయమూర్తి తేల్చారు. యూరోపియన్ యూనియన్‌లో పెద్ద ప్లాట్‌ఫారాలను కట్టడి చేసే డిజిటల్ మార్కెట్స్ చట్టాన్ని పాటించడం 2024 మార్చి నుంచి తప్పనిసరి అయింది. అదే నెలలో అమెరికా న్యాయశాఖ కూడా యాపిల్ మీద గుత్తాధిపత్య దావా వేసింది.

జరిమానాల అంకెలు చూసి బెదిరిపోవడం కొత్తవారు చేసే పొరపాటు. సంగీత యాప్‌ల విషయంలో 2024 మార్చిలో యూరోపియన్ కమిషన్ 180 కోట్ల యూరోలకు పైగా జరిమానా విధించినప్పుడు పత్రికలన్నీ పెద్ద అక్షరాలతో రాశాయి. యాపిల్ ఆ ఏడాది నికర లాభం, అంటే ఖర్చులూ పన్నులూ అన్నీ పోగా మిగిలినది, 9,374 కోట్ల డాలర్లు. దాన్ని 52తో భాగిస్తే వారానికి సుమారు 180 కోట్ల డాలర్లు. అంటే ఆ జరిమానా ఒక వారం లాభం కన్నా కాస్త ఎక్కువ. జరిమానా ఒకసారి కట్టేస్తే తీరిపోతుంది. కమిషన్ నిబంధన మారితే మాత్రం 73.9 శాతం మిగులున్న విభాగంలో ఏటా కోత పడుతుంది. కాబట్టి వార్తలో జరిమానా ఎంతో చదివాక, నిబంధనలో మారినదేమిటో చెప్పే పేరా కోసం కిందికి వెళ్లండి.

అందంగా కనిపించి దారి తప్పించే నిష్పత్తులు

వాటాదారుల సొమ్ము మీద ఎంత లాభం వచ్చిందో చెప్పే నిష్పత్తిని పాఠ్యపుస్తకాలన్నీ గౌరవంగా చూస్తాయి. 2024 చివరన యాపిల్ పుస్తకాల్లో వాటాదారుల సొమ్ము 5,695 కోట్ల డాలర్లు, నికర లాభం 9,374 కోట్లు. భాగిస్తే దాదాపు 165 శాతం. ఇంతటి వ్యాపారం భూమ్మీద ఉందా అనిపిస్తుంది. సంగతేమిటంటే, 2017 చివరన ఆ వాటాదారుల సొమ్ము 13,405 కోట్లు ఉండేది. ఏటేటా సొంత షేర్లను వెనక్కి కొంటూ రావడంతో అది కరిగిపోయింది. 2024లోనే ఇందుకు 9,495 కోట్లు ఖర్చయింది. భాజకం చిక్కిపోయింది కాబట్టి నిష్పత్తి ఉబ్బింది. ఇలాంటి కంపెనీల విషయంలో ఆ నిష్పత్తిని నేను వాడను. నిర్వహణ లాభాన్ని, అంటే పన్నులకు ముందు అసలు వ్యాపారం మీద మిగిలినదాన్ని, అమ్మకాలతో భాగించి చూడటం, నిర్వహణ వల్ల వచ్చిన నగదు ఎంతో చూడటం మేలు.

నికర లాభంలోనూ ఒక ఉచ్చు ఉంది. 2023లో 9,700 కోట్లున్న నికర లాభం 2024లో 9,374 కోట్లకు తగ్గింది. వ్యాపారం సన్నగిల్లిందని రాసేయబోయేముందు పై వరుస చూడండి. నిర్వహణ లాభం 11,430 కోట్ల నుంచి 12,322 కోట్లకు పెరిగింది. మధ్యలో ఏం జరిగింది? ఐర్లండ్ పన్ను రాయితీల కేసులో యూరోపియన్ యూనియన్ అత్యున్నత న్యాయస్థానం 2024 సెప్టెంబరు 10న యాపిల్‌కు వ్యతిరేకంగా తీర్పు చెప్పింది. అందువల్ల ఆ త్రైమాసికంలో 1,020 కోట్ల డాలర్ల పన్ను భారాన్ని ఒక్కసారిగా రాసుకోవలసి వచ్చింది. ఆ ఏడాది లాభం తగ్గుదల వెనక ఉన్నది పాత పన్ను బాకీ. ఫోన్ల గిరాకీ గురించి అది ఏమీ చెప్పదు.

పరిశోధన ఖర్చును కూడా ఒంటరిగా చూడకూడదు. 3,137 కోట్లు, అమ్మకాల్లో ఎనిమిది శాతం. సొంత షేర్ల కొనుగోలుకు పెట్టినది దీనికి మూడు రెట్లు. ఇది క్రమశిక్షణ అంటారా, కొత్త ఆలోచనలు కరువయ్యాయంటారా అన్నది అంకె చెప్పదు, మీరే నిర్ణయించుకోవాలి.

సరుకు నిల్వలో దాగి ఉన్న కథ

ఏడాది చివరన యాపిల్ దగ్గర ఉన్న సరుకు నిల్వ విలువ 729 కోట్ల డాలర్లు. అమ్మిన వాటికైన ఖర్చు 21,035 కోట్లు. రోజుకింత అని భాగిస్తే, నిల్వ పన్నెండు పదమూడు రోజులకు సరిపడా ఉందని తేలుతుంది. నేను మొదట ఈ లెక్కనే వాడేవాణ్ణి. తర్వాత తట్టింది, సేవలకు గోదాము అక్కర్లేదు కాబట్టి వాటి ఖర్చును భాజకంలో ఉంచడం తప్పని. వస్తువుల ఖర్చు 18,523 కోట్లనే తీసుకుంటే నిల్వ పద్నాలుగు రోజులకు పైగా వస్తుంది. అలా చూసినా అది ఆశ్చర్యపరిచే అంకే.

ఇంత తక్కువ నిల్వతో ఎలా నడుస్తోందో తెలియాలంటే అదే పేజీలో మరో వరుస చదవాలి. యాపిల్ చాలా విడిభాగాలను తానే కొని, ఫోన్లను కూర్చిపెట్టే సంస్థలకు అమ్ముతుంది. ఆ సంస్థల నుంచి రావలసిన బాకీ 2024 చివరన 3,283 కోట్ల డాలర్లు. అంటే విడిభాగాలు భౌతికంగా ఇతరుల కర్మాగారాల్లో ఉన్నా, వాటి ధర, సరఫరా మీద అదుపు యాపిల్ చేతిలోనే ఉంటోంది. ఇది నిజమైన బలం. ప్రత్యర్థులు చూసి అనుకరించగలిగినా, ఈ స్థాయిలో బేరమాడే శక్తిని తెచ్చుకోలేరు.

దీనికీ 'ఉన్నంతవరకు' రాయాలి. చైనాలోని జెంగ్‌జౌలో ఐఫోన్లను కూర్చే ఫాక్స్‌కాన్ కర్మాగారంలో 2022 శరదృతువులో కోవిడ్ ఆంక్షలు విధించారు. అక్కడ సామర్థ్యం బాగా తగ్గి నడుస్తోందని, ఐఫోన్ 14 ప్రో మోడళ్ల రవాణా తగ్గుతుందని, కొనేవారు మరింత కాలం వేచి ఉండాల్సి వస్తుందని యాపిల్ నవంబరు 6న ప్రకటించింది. అదే నెలలో కార్మికుల ఆందోళన కూడా చెలరేగింది. పండుగల సీజనుకు ముందు, అత్యధిక లాభం తెచ్చే మోడల్‌కు, ఒకే నగరంలో దెబ్బ తగిలింది. రెండు వారాల నిల్వ మామూలు రోజుల్లో సామర్థ్యానికి గుర్తు. కర్మాగారం మూతపడిన వారంలో అదే నిల్వ ఊపిరాడనివ్వదు.

చైనా గురించి మరో జాగ్రత్త చెప్పాలి. చైనా, హాంకాంగ్, తైవాన్ కలిపిన ప్రాంతంలో యాపిల్ అమ్మకాలు 2022లో 7,420 కోట్లు, 2023లో 7,256 కోట్లు, 2024లో 6,695 కోట్లు. మొత్తంలో ఇది 17 శాతం. మామూలు పట్టికలో ఇది 'మార్కెట్ ముప్పు'గా ఒకచోట, కర్మాగారాల సంగతి 'సరఫరా ముప్పు'గా మరోచోట ఉంటాయి. నిజానికి ఆ రెండూ ఒకే రోజున, ఒకే కారణంతో విరుచుకుపడగలవు. ఒకే వేరు నుంచి వచ్చే ముప్పులన్నిటినీ ఒక్క వాక్యంలోకి తీసుకురండి. వాటిని విడివిడిగా రాస్తే ఒక్కొక్కటీ భరించదగినదిగానే కనిపించి మోసం చేస్తుంది.

చిప్‌ల విషయం కొంచెం వేరు. 2008లో 27.8 కోట్ల డాలర్లకు పీఏ సెమీ అనే చిన్న సంస్థను కొని, 2010లో ఏ4 చిప్ తెచ్చి, 2020 నవంబరులో ఎం1తో మ్యాక్‌లను ఇంటెల్ నుంచి తప్పించడం మొదలుపెట్టడం పన్నెండేళ్ల ఓపిక. ఆ చిప్‌లను తయారుచేసేది మాత్రం తైవాన్‌కు చెందిన టీఎస్ఎంసీ. రూపకల్పన సొంతం, తయారీ పరాధీనం.

ఒక బలహీనత ఎంత లోతైనదో తెలుసుకోవడానికి, దాన్ని సరిదిద్దుకోవడానికి ఎన్నేళ్లు పట్టిందో చూడటం మంచి కొలమానం. ఫోన్‌ను నెట్‌వర్క్‌కు కలిపే మోడెమ్ కోసం క్వాల్‌కామ్ మీద ఆధారపడటం యాపిల్‌కు ఎప్పుడూ ఇష్టం లేదు. ఇద్దరి మధ్య నడిచిన వ్యాజ్యం 2019 ఏప్రిల్‌లో రాజీతో ముగిసింది. అదే ఏడాది ఇంటెల్ స్మార్ట్‌ఫోన్ మోడెమ్ వ్యాపారాన్ని వంద కోట్ల డాలర్లకు కొనడానికి యాపిల్ ఒప్పందం కుదుర్చుకుంది. సొంత మోడెమ్ ఉన్న మొదటి ఐఫోన్ 2025 ఫిబ్రవరిలో గానీ రాలేదు. డబ్బుకు కొదవలేని కంపెనీకి ఒక్క విడిభాగంలో సొంత కాళ్ల మీద నిలబడటానికి ఆరేళ్లకు దగ్గరగా పట్టిందంటే, 'డబ్బుంది కాబట్టి ఏదైనా చేయగలదు' అనే వాక్యాన్ని మీ కాగితంలోంచి కొట్టేయవచ్చు.

ప్రత్యర్థి పుస్తకం కూడా చదవాలి

ఒక కంపెనీ బలానికి అతి నమ్మదగిన సాక్ష్యం చాలాసార్లు ఇంకొకరి నష్టంలో దొరుకుతుంది. 2021 ఏప్రిల్‌లో ఐఫోన్‌ను నడిపే సాఫ్ట్‌వేర్ ఐఓఎస్ 14.5తో యాపిల్ ఒక నిబంధన తెచ్చింది. ఇతర యాప్‌లలోనూ వెబ్‌సైట్లలోనూ వినియోగదారు ఏం చేస్తున్నారో గమనించాలంటే యాప్ ముందుగా అనుమతి అడగాలి. చాలామంది వద్దన్నారు. ఐఓఎస్ మార్పుల వల్ల 2022లో తమ ఆదాయానికి సుమారు వెయ్యి కోట్ల డాలర్ల మేర దెబ్బ తగులుతుందని ఫేస్‌బుక్ మాతృసంస్థ మెటా ఆర్థిక అధిపతి 2022 ఫిబ్రవరిలో చెప్పారు. ఫోన్ తెర మీద వచ్చే ఒక చిన్న ప్రశ్న మరో దిగ్గజం ఆదాయంలో అంత కోత పెట్టగలిగింది. 'ప్లాట్‌ఫారం మీద అదుపు' అనే పొడి మాటకు ఇంతకన్నా మంచి ఉదాహరణ నాకు దొరకలేదు. నియంత్రణ సంస్థలు యాపిల్ వెంట పడటానికి కారణం కూడా అదే అదుపు.

లెక్కల్లో ఇంకా రానిది

ఇంత చేశాక కూడా ఈ పద్ధతికి ఒక పెద్ద లోపం ఉంది, దాన్ని దాచడం న్యాయం కాదు. 2007 నాటి నోకియా లెక్కలు తీసుకోండి. అమ్మకాలు 5,100 కోట్ల యూరోలు, చివరి త్రైమాసికంలో ప్రపంచ ఫోన్ల మార్కెట్లో వాటా సుమారు 40 శాతం. ఆ నివేదికలో ఏ నిష్పత్తి చూసినా జబ్బు కనబడదు. ఐఫోన్‌ను ప్రదర్శించింది ఆ ఏడాది జనవరిలోనే. 2013 సెప్టెంబరులో నోకియా తన ఫోన్ల వ్యాపారాన్ని మైక్రోసాఫ్ట్‌కు అమ్మడానికి ఒప్పుకుంది, మరుసటి ఏప్రిల్‌లో ఆ అమ్మకం పూర్తయింది. జరిగిపోయినదాన్నే లెక్కల పుస్తకం చెబుతుంది. బలం కదిలిపోతున్న తొలి రోజుల్లో అమ్మకాలు ఇంకా పెరుగుతూనే ఉండవచ్చు.

కాబట్టి చివరగా లెక్కలు మూసి, కొన్ని ప్రశ్నలు వేసుకోవాలి. కొత్త డెవలపరు తన మొదటి యాప్‌ను ఎవరికోసం రాస్తున్నాడు? కంపెనీ ప్రకటించి, సమయానికి ఇవ్వలేకపోయినదేమిటి? ఆ ఆలస్యం వ్యాపారపు అంచున ఉందా, నడుమనా? యాపిల్ ఏళ్ల తరబడి నడిపిన కారు ప్రాజెక్టును 2024లో ఆపేసింది. తలకు తగిలించుకునే కంప్యూటర్ విజన్ ప్రో అదే ఏడాది 3,499 డాలర్ల ధరతో వచ్చి కొద్దిమందికే పరిమితమైంది. ఈ రెండూ పత్రికలకు మంచి సరుకే గానీ, నా తూకంలో బరువైనవి కావు, ఎందుకంటే లాభం వాటి మీద నిలబడి లేదు. 2024 జూన్‌లో ప్రకటించిన, మాటతో పనులు చేయించుకునే సహాయకుడు సిరి కొత్త సామర్థ్యాలను వాయిదా వేస్తున్నట్టు 2025 మార్చిలో చెప్పడం మాత్రం బరువైనదే. 2025 జనవరిలో కంపెనీ చెప్పిన ప్రకారం వాడకంలో ఉన్న యాపిల్ పరికరాలు 235 కోట్లు. ఆ పరికరాల్లో మనిషి ఏ పని చేయాలన్నా యాప్‌ను వెతికి తెరవాల్సి ఉన్నంతవరకు కమిషనూ ఉంటుంది, సెర్చ్ సొమ్మూ ఉంటుంది. అడిగిన పనిని చేసిపెట్టే సహాయకుడు వేరే కంపెనీదై, జనం దానికి అలవాటు పడితే, ఫోన్ యాపిల్‌దే అయినా ఆ దారి సుంకం వసూలుచేసే చోటు మారిపోవచ్చు. ఇది నా అంచనా మాత్రమే. దాన్ని అంచనాగానే, పెన్సిల్‌తో రాసుకున్నాను.

వాక్యాలను ఎలా దాచుకోవాలి

మొత్తం మీద ఐదారు వాక్యాలు చాలు. ప్రతి వాక్యం పక్కన తేదీ వేయండి, దానికి ఆధారమైన అంకె రాయండి, ఏ వార్త వస్తే ఆ వాక్యాన్ని మార్చుకుంటారో ముందే రాసిపెట్టండి. ఆ చివరిది రాయలేకపోతే అది విశ్లేషణ కింద లెక్కకు రాదు. మూడు నెలలకోసారి కంపెనీ ఫలితాలు వచ్చినప్పుడు ఫైలు తెరిచి, పాత వాక్యాన్ని చెరపకుండా గీత కొట్టి, కొత్తది కింద రాయండి. ఎక్కడ పొరబడ్డామో తర్వాత చూసుకోవడానికి ఆ గీతలు పనికొస్తాయి.

నా ఫైలులో గూగుల్ సొమ్ము గురించిన వాక్యానికి రెండు మార్పులున్నాయి. సెర్చ్ మార్కెట్లో గూగుల్ చట్టవిరుద్ధంగా గుత్తాధిపత్యం నడిపిందని 2024 ఆగస్టులో న్యాయమూర్తి అమిత్ మెహతా తేల్చినప్పుడు, 'అనుమతించినంతవరకు' అన్న మాట పక్కన 'నిషేధం రావచ్చు' అని చేర్చాను. 2025 సెప్టెంబరు 2న ఆయనే పరిష్కారాల తీర్పు ఇస్తూ, చెల్లింపులను నిషేధించకుండా, ప్రత్యర్థులకు చోటు లేకుండా చేసే ఒప్పందాలను మాత్రమే వద్దన్నారు. ఆ రోజు 'నిషేధం రావచ్చు' అన్నదాన్ని కొట్టేసి, 'ఒక్కరికే అమ్మే హక్కు లేదు' అని రాశాను. వాక్యంలో రెండో 'ఉన్నంతవరకు', అంటే వెతకడానికి జనం బ్రౌజరునే తెరుస్తున్నంతవరకు అన్నది, ఇప్పటికి గీత లేకుండానే ఉంది.